‘ఎంత పెట్టుకుంటావు’ అన్నదే తొలి ప్రశ్న కారాదు

గత వారం కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి ఒక మహిళ మా కార్యాలయానికి వచ్చారు. వయసు ముప్పై ఆరేళ్లు. డిగ్రీ చదువు, పన్నెండేళ్లుగా గ్రామైక్య సంఘంలో పొదుపు లెక్కలు రాసిన అనుభవం, ఇవే ఆమెకున్న ఆస్తి. రాబోయే శాసనసభ ఎన్నికల్లో నిలబడాలనుకుంటున్నానని, ఏ పార్టీ నుంచీ ఇంతవరకు మాట రాలేదని, రాకపోయినా నిలబడతానని చెప్పారు. ఆమె పేరు, ఊరు మేము ఇక్కడ రాయడం లేదు. ఎన్నికలకు ఇంకా ఎంతో వ్యవధి ఉండగా ఒకరి అభ్యర్థిత్వానికి ప్రచారం కల్పించడం సంపాదకీయం చేయవలసిన పని కాదు. అయితే సంచిలోంచి రెండు వందల పేజీల పొడవాటి నోటుపుస్తకం తీసి బల్ల మీద పెడుతూ ఆమె అన్న మాటను మాత్రం పాఠకుల ముందుంచక తప్పదు. ‘‘ఆరు నెలలుగా ఊర్లు తిరుగుతున్నాను సార్. ఏం చేస్తావమ్మా అని అడిగినోళ్లు తక్కువ. ఎంత పెట్టుకుంటావమ్మా అని అడగనోళ్లు లేరు.’’

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో తొలిసారి పోటీకి దిగాలనుకునే ప్రతివారికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. పార్టీ జిల్లా పెద్దలు అడుగుతారు, కుల పెద్దలు అడుగుతారు, బస్టాండు ముందు టీకొట్టు దగ్గర కూర్చున్నవారు అడుగుతారు. దాచుకోవడం ఎందుకు, విలేకరులూ అడుగుతారు. ఆ రోజు మా కార్యాలయంలోనూ ఒకరు అడిగారు. ఈ ప్రశ్న ఇంత సహజంగా నోటికి వస్తున్నదంటే, శాసనసభ స్థానాన్ని ప్రజలు ఇచ్చేదిగా కాక, పెట్టుబడి పెట్టి దక్కించుకునేదిగా మనమందరం మనసులో ఒప్పేసుకున్నామన్నమాట.

చట్టం చెప్పే లెక్క వేరు. ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభ అభ్యర్థి ఎన్నికల ఖర్చు 40 లక్షల రూపాయలు దాటకూడదని 2022 జనవరి నుంచి పరిమితి ఉంది. 2024 ఎన్నికల నాటికి రాష్ట్రంలో 4.13 కోట్ల ఓటర్లు ఉన్నారు, స్థానాలు 175. అంటే ఒక్కో నియోజకవర్గానికి సగటున 2.36 లక్షల మంది. పరిమితి మొత్తాన్ని వారికి పంచితే తలకు 17 రూపాయలు కూడా రాదు. అదే ఓటుకు వెయ్యి చొప్పున పంచాలనుకునే అభ్యర్థికి 23 కోట్లకు పైగా కావాలి. ఆ మొత్తం ఎక్కడినుంచి వస్తుంది, గెలిచాక ఎవరినుంచి తిరిగి రాబడతారు అన్నది ఇసుక రేవుల దగ్గర, గ్రానైట్ క్వారీల దగ్గర, కాలువ పనుల టెండర్ల దగ్గర బతుకుతున్న సీమ ప్రజలకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఓటుకు నోటు ఇవ్వడంతోపాటు తీసుకోవడమూ నేరమేనన్న సంగతిని మాత్రం పోలింగుకు ముందు రాత్రి ఎవరూ గుర్తుచేయరు.

కొత్తవారికి డబ్బుకన్నా ముందే అడ్డుపడేవి మరికొన్ని ఉన్నాయి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి నామినేషన్ పత్రం మీద ఆ నియోజకవర్గ ఓటరు ఒక్కరు ప్రతిపాదించి సంతకం పెడితే చాలు. స్వతంత్రులకు పదిమంది సంతకాలు కావాలి. పదిమంది ఏపాటి అనిపించవచ్చు. కానీ ఊరంతా ఒకే ఇంటి మాట మీద నడిచే పల్లెలో, ఆ ఇంటికి ఎదురు నిలబడేవారి పత్రం మీద సంతకం పెట్టడమంటే తన పేరును రికార్డుకెక్కించుకోవడమే. మాట సాయం చేస్తాం గానీ సంతకం వద్దనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇక ధరావత్తు పదివేల రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అయిదువేలు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు కూడా రాకపోతే అది దక్కదు. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు ఎన్నికల ఖర్చుకోసం విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ప్రచార కాలంలో కనీసం మూడుసార్లు ఖర్చుల రిజిస్టరును తనిఖీకి చూపాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు అప్పజెప్పాలి. సరైన కారణం లేకుండా ఇవ్వనివారిపై మూడేళ్లు అనర్హత వేటు పడవచ్చు. పెద్ద పార్టీల అభ్యర్థుల వెంట ఈ పనులన్నీ చూసుకునే వకీళ్లు, ఆడిటర్లు ఉంటారు. ఒంటరిగా దిగినవారు ఒక్క గడి ఖాళీగా వదిలినా పరిశీలన రోజున పత్రం చెల్లకుండా పోయే ప్రమాదం ఉంటుంది. పొదుపు సంఘాల్లో పైసా తేడా రాకుండా లెక్కలు రాసిన మహిళకు ఈ రిజిస్టరు పెద్ద బరువు కాదని, ఓర్వకల్లు పొదుపు మహిళలు ఏం సాధించారో చూసిన జిల్లా కనుక, మేము నమ్మకంగా చెప్పగలం.

అసలైన కష్టం పోలింగు రోజున వస్తుంది. 2024లో రాష్ట్రంలో 46,389 పోలింగ్ కేంద్రాలు ఏర్పాటు చేశారు. నియోజకవర్గానికి సగటున 265. ఒక్కో బూతులో ఒక ఏజెంటు, అతనికి బదులు కూర్చునేందుకు మరొకరు అనుకున్నా అయిదు వందల మందికి పైగా కావాలి. పోలింగు మొదలవడానికి గంటన్నర ముందే ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో నమూనా పోలింగు జరుపుతారు. సాయంత్రం పోలింగు ముగిశాక ఎన్ని ఓట్లు పోలయ్యాయో చూపే ఫారం 17సీ నకలును అక్కడున్న ఏజెంట్లకు ఇస్తారు. ఏజెంటు లేని అభ్యర్థి చేతికి ఆ కాగితం రాదు, లెక్కింపు రోజున సరిపోల్చుకోవడానికి ఆధారమూ ఉండదు. ఒకప్పుడు ఫ్యాక్షన్ గ్రామాల్లో ఎదుటి పక్షం ఏజెంటు బూతులో సాయంత్రం దాకా కూర్చోవడమే సాహసం. ఆ రోజులు చాలావరకు పోయాయి గానీ, ఆ భయం ఇంకా ఇళ్లలో మిగిలే ఉంది. ‘‘మా చిన్నాయన కొడుకు కూర్చుంటానన్నాడు, వాళ్లమ్మ ఒప్పుకోలేదు’’ అని ఆమె చెప్పినప్పుడు మాకు అర్థం కానిది ఏమీ లేదు.

అయినా ఈ గడ్డ కొత్తవారిని ఎన్నడూ ఆదరించలేదనడం చరిత్రకు అన్యాయం చేయడమే. వయోజన ఓటుహక్కుతో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో, 1952లో, అనంతపురం ఓటర్లు నీలం సంజీవరెడ్డి అంతటి నాయకుణ్ని కాదని తరిమెల నాగిరెడ్డిని మద్రాసు శాసనసభకు పంపారు. ఇదే కర్నూలుకు కూతవేటు దూరంలోని పెద్దపాడులో పేద దళిత కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్య ఆ ఏడాదే ఆ సభలో అడుగుపెట్టి, 1960 జనవరిలో రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ పదవి చేపట్టిన మొదటి దళితుడు ఆయనే. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం పార్టీ 1983 జనవరిలో అధికారంలోకి వచ్చినప్పుడు, అంతకుముందు ఎన్నడూ పోటీ చేసి ఎరుగని డాక్టర్లు, లాయర్లు, పంతుళ్లు పెద్దసంఖ్యలో సభకు వెళ్లారు.

2024లోనూ ఇటువంటి ఉదాహరణలు కనిపించాయి. కడపలో తొలిసారి పోటీ చేసిన మాధవీరెడ్డి ఉప ముఖ్యమంత్రిగా ఉన్న నాయకుణ్ని ఓడించారు. శింగనమలలో అప్పటి అధికార పక్షం వైసీపీ ఒక టిప్పర్ డ్రైవర్‌కు టికెట్ ఇస్తే, ప్రత్యర్థులు దాన్ని ఎగతాళి చేయడం, ఆయన ఎం.ఏ., బీఈడీ చదివారని పార్టీ అధినేత సభల్లో చెప్పుకోవలసి రావడం చూశాం. డ్రైవర్ అయితే శాసనసభకు ఎందుకు పనికిరాడో ఎగతాళి చేసినవారు చెప్పలేదు, చదువు లేకపోతే ఏమవుతుందో సమర్థించినవారూ చెప్పలేదు. మడకశిరలో ఉపాధి హామీ కూలీగా జనానికి పరిచయమైన అభ్యర్థి 351 ఓట్ల తేడాతో ఓడారు. రెండు లక్షల మందికి పైగా ఓటర్లున్న చోట 351 ఓట్లంటే రెండు వీధుల జనం. పేదవాణ్ని నిలబెడితే జనం వేయరన్న వాదనకు ఆ అంకె ఒక్కటే జవాబు.

ఇక్కడ ఒక తేడాను గమనించాలి. ఈ ముగ్గురి వెనుకా పెద్ద పార్టీ జెండా ఉంది. 2019లో గానీ, 2024లో గానీ రాష్ట్రంలోని 175 స్థానాల్లో స్వతంత్ర అభ్యర్థి ఒక్కరూ గెలవలేదు. కాబట్టి కొత్తవారికి తలుపు తెరవడమా, మూయడమా అన్నది చివరకు పార్టీల చేతిలోనే ఉంది. ఈ మూడు ఉమ్మడి జిల్లాల్లోని 38 స్థానాల్లో ఎస్సీలకు కేటాయించినవి ఆరు: నందికొట్కూరు, కోడుమూరు, శింగనమల, మడకశిర, బద్వేలు, కోడూరు. ఈ ఆరింటిలోనూ అభ్యర్థి ఎవరన్నది పక్క నియోజకవర్గపు పెద్దల ఇళ్లలో తేలుతుందన్నది బహిరంగ రహస్యం. నామినేషన్ల గడువు దగ్గరపడ్డాక పేరు ప్రకటించి, పార్టీ అభ్యర్థి అని ధ్రువీకరించే బీ-ఫారం చేతిలో పెట్టి, ఇన్‌చార్జి చెప్పినట్టు వినమని పంపితే, ఆ కొత్త అభ్యర్థి గెలిచినా సొంతంగా నోరు విప్పగలరా? కొత్త ముఖం కావాలనుకునే పార్టీ ఏడాది ముందే పేరు చెప్పాలి, ఆ వ్యక్తి ఊరూరూ తిరిగి జనం ప్రశ్నలకు జవాబు చెప్పుకునే వ్యవధి ఇవ్వాలి. నేరచరిత్ర ఉన్నవారిని ఎంపిక చేస్తే కారణాలు 48 గంటల్లో వెల్లడించాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కేసులేవీ లేని ఒక పొదుపు సంఘం మహిళను పక్కన పెట్టినప్పుడు కూడా పార్టీలు కారణం చెప్పే రోజు రావాలని మేము కోరుకుంటున్నాం.

తొలిసారి నిలబడేవారిని కూడా మేము గట్టిగానే అడగదలిచాం. ఆమె నోటుపుస్తకంలో ఊరికొక పేజీ ఉంది. దీపావళి తరువాత సుగ్గికి, అంటే పంట కోతల వలసకు, ఎన్ని కుటుంబాలు గుంటూరు మిరప చేలకు పోయాయి, వెంట ఎందరు పిల్లలు బడి మానారు, వలస పోయినవారి పిల్లలు ఉండి చదువుకునే సీజనల్ హాస్టల్ తెరిచారా లేదా, ఎన్ని బోర్లు ఎండాయి అని నీలం సిరాతో గడులు గీసి రాసుకున్నారు. ఒక పేజీలో పిల్లల సంఖ్య పదకొండు అని రాసి, కొట్టేసి, పద్నాలుగు చేశారు. ఎందుకని అడిగితే, ముగ్గురు అవ్వ దగ్గరే ఉన్నారని మొదట చెప్పారని, మళ్లీ వెళ్లి చూస్తే ఇంటికి తాళం వేసి ఉందని చెప్పారు. ఇంత ఓపికగా ఊరిని చదివినవారు ప్రజాజీవితంలోకి రావడం మాకు సంతోషం. కానీ ఎమ్మెల్యేకు ఉన్న అధికారాలేమిటని అడిగితే ఆమె తడబడ్డారు. పింఛను ఇప్పిస్తాను, రోడ్డు వేయిస్తాను అనడం సులువు. శాసనసభ్యులు మొదట చేయవలసింది సభలో కూర్చుని చట్టాలు చదవడం, 3.22 లక్షల కోట్లు దాటిన 2025-26 వంటి రాష్ట్ర బడ్జెట్‌లో తమ ప్రాంతానికి రాసిన అంకెను పట్టుకుని మంత్రిని ప్రశ్నించడం. వేదవతి ఎత్తిపోతలకు, గుండ్రేవుల జలాశయానికి, ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) కుడికాలువకు ఏ ఏడాది ఎంత కేటాయించారు, అందులో ఎంత ఖర్చుపెట్టారు అన్న ప్రశ్న సభ రికార్డుకెక్కితే, ఆ రాతపూర్వక జవాబు పడమటి రైతు చేతిలో ఆయుధమవుతుంది. ఈ పని నేర్చుకోవడానికి ఆమెకు వ్యవధి ఉంది. నేర్చుకోమనే చెప్పాం. ఓడిపోతే మళ్లీ ఆ ఊళ్లకు వెళతారా అని కూడా అడిగాం. ‘‘మా ఊరు అదే కదా సార్, యాడికి పోతాను’’ అన్నారు.

ఇక మా సంగతి. ఎన్నికల వేళ డబ్బు తీసుకుని వార్తల రూపంలో ప్రచారం అచ్చువేసే జాడ్యం తెలుగు పత్రికారంగానికి మాయని మచ్చ తెచ్చింది. దాన్ని పసిగట్టడానికి జిల్లాస్థాయిలో మీడియా పర్యవేక్షణ కమిటీలు పెట్టవలసి వచ్చిందంటే, ఆ అవమానంలో మా వృత్తిలోని అందరికీ వాటా ఉంది. ర్యాలీలో కార్లు ఎన్నో లెక్కపెట్టి రాసే మేము, ప్రమాణపత్రంలో ఆస్తులు అయిదేళ్లలో ఎందుకు పెరిగాయో అదే శ్రద్ధతో రాయలేదు. కాలినడకన తిరిగే అభ్యర్థికి ‘ఇతరులు’ అన్న ఒక్క పంక్తిలో చోటిచ్చి ఊరుకున్నాం. వచ్చే ఎన్నికల్లో ఈ మూడు ఉమ్మడి జిల్లాల్లో నామినేషన్ చెల్లిన ప్రతి అభ్యర్థికీ, పార్టీతో నిమిత్తం లేకుండా, అవే ప్రశ్నలు పంపి, వచ్చిన జవాబులను సమానమైన చోటులో ప్రచురిస్తాం. జవాబు ఇవ్వనివారి పేరు ఎదుట ఆ చోటు ఖాళీగా ఉంటుంది. ఎంత పెడతారన్న ప్రశ్న అందులో ఉండదు. ఇప్పటిదాకా ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారన్న ప్రశ్న ఉంటుంది.

ఆమె నోటుపుస్తకంలోని ఆ పద్నాలుగు మంది పిల్లల పేజీని ఫొటో తీసి ఉంచుకున్నాం. సుగ్గి బండ్లు కదిలే వారంలో మా విలేకరి ఆ ఊరికి వెళ్లి, తాళం పడిన ఇళ్లను, బడి హాజరుపట్టీని సరిచూస్తారు. ఆమె లెక్క సరైనదని తేలితే ఆ పిల్లలకు హాస్టల్ ఎందుకు తెరవలేదో అధికారులను అడిగి రాస్తాం. తప్పని తేలితే ఆ సంగతీ ఇదే పేజీలో అచ్చువేస్తాం.