అర్జీ పెట్టుకుంటేనే ఉత్తమ గురువా?

సెప్టెంబరు 5 వచ్చింది, వెళ్లింది. శాలువాలు కప్పారు, ప్రశంసాపత్రాలు ఇచ్చారు, ఫొటోలు దిగారు. అవార్డు అందుకున్న టీచర్ల మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. వాళ్లలో చాలామంది అంతకు మించిన గౌరవానికే తగినవాళ్లు. మా కోపమంతా ఆ అవార్డుకు వేసిన దారి మీద. ‘నేను ఉత్తముణ్ణి, ఇవిగో రుజువులు’ అని ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకోవాలట! పెట్టుకోనివాళ్లు సర్కారు లెక్కలో లేనట్టే.

1958 నుంచి ఇస్తున్న జాతీయ ఉపాధ్యాయ అవార్డులకు 2018లో ఈ పద్ధతి తెచ్చారు. అంతకుముందు మూడొందలకు పైగా ఉండే అవార్డులను అప్పుడే యాభై లోపుకు కుదించారు. పాత పద్ధతిలో పైరవీలు నడిచేవని, ఇప్పుడు ఏ అండా లేని టీచరు కూడా నేరుగా పోటీకి రావచ్చని అధికారులంటారు. కొంత నిజమే. కానీ పైరవీ పోయిన చోట సొంత డప్పు వచ్చి కూర్చుంది. యాభై వేల రూపాయలు, వెండి పతకం కోసం పంతులు తన గొప్ప తానే చెప్పుకోవాలి. రాష్ట్ర అవార్డులకూ ఇంచుమించు ఇదే దారి.

దరఖాస్తుల పోర్టల్ తెరిచేదెప్పుడు? జూన్, జూలైల్లో. ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని బడిలో చేర్పించి, పుస్తకాలు, యూనిఫాంలు పంచే రోజులవి. సరిగ్గా అప్పుడే ఫొటోలు, వీడియోలు, కాగితాలు ఏరి ఫైలు కట్టాలి. మార్కుల్లో ఎక్కువ భాగం పనితీరుకేనట. ఆ పనితీరు ముందుగా కనిపించేది క్లాసులో కాదు, అప్‌లోడ్ చేసిన ఫైల్లో. ఏజెన్సీ గూడెంలో ఒక్క టీచరే ఉన్న బడిని తలచుకోండి. ఐదు తరగతులూ ఆయనే చూడాలి, మధ్యాహ్న భోజనం లెక్కా ఆయనే రాయాలి, యాప్‌కు సిగ్నల్ అందకపోతే గుట్టెక్కేదీ ఆయనే. ఆయన పాఠం చెబుతుంటే వీడియో ఎవరు తీయాలి? మూడో తరగతి పిల్లాడా?

అర్జీ పెట్టుకునే హక్కే లేనివాళ్లు ఇంకో వైపు ఉన్నారు. రెగ్యులర్ టీచర్లకే అర్హత, కాంట్రాక్టు వాళ్లకు లేదని మార్గదర్శకాల్లోనే రాశారు. కస్తూర్బా విద్యాలయాల్లో అమ్మానాన్న లేని ఆడపిల్లలకు పగలు పాఠాలు చెప్పి, వంతుల వారీగా రాత్రి కాపలా కూడా ఉండే సీఆర్టీ (కాంట్రాక్టు టీచరు) ఎన్నేళ్లు పనిచేసినా ఆ పోర్టల్‌కు గురువు కాదు.

సర్కారుకు బడిలో ఏం జరుగుతోందో తెలియదా అంటే, తెలియకేం! టీచరు ఐదు నిమిషాలు ఆలస్యంగా వస్తే ముఖం చూసి పట్టేసే హాజరు యాప్ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనైతే మరుగుదొడ్ల ఫొటోలు కూడా టీచర్ల చేతే తీయించి అప్‌లోడ్ చేయించారు. ఆలస్యాన్ని అంత బాగా పట్టే కన్ను, మంచి పాఠం దగ్గరికి వచ్చేసరికి మూసుకుపోతుందేం?

పని పడితే మాత్రం టీచరు అడ్రసు ఇట్టే దొరుకుతుంది. 2020 మే నెలలో విశాఖ జిల్లాలో మద్యం దుకాణాల ముందు క్యూలు సర్దడానికి టీచర్లు దొరికారు. 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి సర్వేకు 36 వేలకు పైగా ఎస్జీటీలు (చిన్న తరగతుల టీచర్లు) దొరికారు, ప్రాథమిక బడులు ఒంటిపూట నడిచాయి. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప మరే పనికీ టీచర్లను వాడుకోవద్దని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతూనే ఉంది. ఈ డ్యూటీలకు ఎవరినీ దరఖాస్తు చేసుకోమనలేదు, వీడియో పంపమనలేదు. వెట్టికి ఉత్తర్వు, గౌరవానికి అర్జీ!

గెలిచాక కూడా అర్జీ తప్పదు. మహారాష్ట్రలో సోలాపూర్ జిల్లా పరిషత్ టీచరు రంజిత్‌సిన్హ్ దిసాలె 2020లో పది లక్షల డాలర్ల గ్లోబల్ టీచర్ ప్రైజ్ గెలిచి, అందులో సగం తనతో పోటీపడిన తొమ్మిది మందికి పంచిపెట్టారు. ప్రపంచం చప్పట్లు కొట్టింది. 2022లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లడానికి సెలవు అడిగితే మాత్రం సొంత జిల్లా అధికారులు కొర్రీలు వేశారు. ఆ సెలవు చీటీ కదలడానికి రాష్ట్ర విద్యాశాఖ మంత్రి కలగజేసుకోవాల్సి వచ్చింది.

దరఖాస్తును తీసేయమనే మేం అడుగుతున్నాం. ఎంఈవోలు, డీఈవోలు తనిఖీల పేరుతో బడులకు ఎలాగూ వెళ్తున్నారు. వెనక బెంచీలో ఒక గంట కూర్చోండి. ఆ ఊరి అమ్మల్ని అడగండి, ఆ బడిలో చదివి వెళ్లినవాళ్లను అడగండి. రెగ్యులరా కాంట్రాక్టా అని చూడకుండా పేరు మీరే రాయండి. బోర్డు మీద తేదీ వేయలేదని మెమో రాసే చెయ్యే కదా, దానికి ఇదేం బరువు కాదు. అదీ చేతకాకపోతే వచ్చే సెప్టెంబరు 5కి శాలువాలు కొనకండి.