కాబరే కార్డు గారికి అభినందన లేఖ

మహారాజశ్రీ న్యూయార్క్ నగర కాబరే కార్డు గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. జాజ్ క్లబ్బుల చరిత్ర రాసేవారు, ఆ క్లబ్బుల్లో పనిచేయడానికి పోలీసులు ఇచ్చిన అనుమతి పత్రమైన తమరి పట్ల తీరని అపచారం చేస్తున్నారు. వారి పుస్తకాల నిండా వాయించినవారి పేర్లూ, పాడినవారి ఫొటోలూ ఉంటాయి గానీ, ఏ పేట క్లబ్బులో ఎవరు వాయించాలో, ఎవరు ఇంటిపట్టున కూర్చోవాలో 1940 నుంచి 1967 దాకా నిర్ణయించిన తమరి ప్రస్తావన ఎక్కడో అడుగున, చిన్న అక్షరాల్లో పడి ఉంటుంది. క్లబ్బు యజమాని అద్దె కట్టాడు, బల్లలు తుడిపించాడు, బీరు పోయించాడు. కచేరీ పెట్టింది మాత్రం తమరే. ఆ లోటు తీర్చాలనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

తమరిది గొప్ప వంశం. తల్లిగారైన కాబరే చట్టం, అంటే సంగీతమూ నాట్యమూ ఉండే క్లబ్బుకు లైసెన్సు ఉండాలనే శాసనం, 1926లో జిమ్మీ వాకర్ మేయర్‌గా ఉండగా పుట్టింది. ఆ మేయర్ గారు స్వయంగా పాటలు కట్టినవారు, రాత్రి క్లబ్బుల్లో తరచుగా దర్శనమిచ్చినవారు. అటువంటి రసికుని ఏలుబడిలోనే రసికతకు లైసెన్సు పుట్టడం ఆ నగరానికే చెల్లింది. క్లబ్బుల్లో విచ్చలవిడితనం మితిమీరిందనీ, పొరుగూళ్ల అల్లరివారికీ ఊళ్లోని అవివేకులకూ కాస్త కళ్లెం వేయాలనీ నాటి నగరసభ కమిటీ తన నివేదికలో రాసుకుంది. అది మద్యనిషేధపు కాలం, దొంగచాటు మద్యం ఏరులై పారుతున్న కాలం. అయినా కమిటీ వారికి సంగీతమూ నాట్యమూ గట్టిగా అదుపు చేయవలసినవిగా తోచాయి. నల్లవారూ తెల్లవారూ ఒకే గదిలో నాట్యమాడిన, నల్లవారి పేటైన హార్లెం క్లబ్బుల మీద గురిపెట్టే ఈ చట్టం చేశారని అనే చరిత్రకారులు ఉన్నారు. ఆ మాట చట్టంలో ఎక్కడా రాసి లేదు. చట్టాలకు ఆపాటి మర్యాద తెలుసు.

తల్లిగారి సంగీత జ్ఞానం గురించి ఎంత చెప్పినా తక్కువే. కాబరే లైసెన్సు లేని చిన్న హోటల్లో పియానో, ఆర్గన్, అకార్డియన్, గిటార్, ఇతర తంత్రీ వాద్యాలు వాయించవచ్చునట, అదీ ముగ్గురికి మించకుండా. డ్రమ్ములు కూడదు, ట్రంపెట్ కూడదు, శాక్సఫోన్ కూడదు. అంటే జాజ్ నుంచి జాజ్‌ను తీసివేసి, మిగిలినదాన్ని భోజనంతోపాటు వడ్డించుకోవచ్చునన్నమాట. అయితే ఇందులో పక్షపాతం లేదని ఒప్పుకోవాలి: ఇద్దరు వయొలిన్, ఒకరు వయోలా, ఒకరు చెల్లో పట్టుకుని బేతోవెన్‌ను వాయించబోయినా నాలుగో మనిషి కూర్చున్న క్షణాన అది చట్టవిరుద్ధమే. ఏ వాద్యం నిరపాయకరమో తేల్చే ఈ పట్టిక 1986లోనూ, ముగ్గురి లెక్క 1988లోనూ కోర్టులో కూలిపోయాయి. వైబ్రఫోన్ వాయించే వారెన్ షియాసన్ పేరుతో ఆ దావా నడిచింది. సుత్తులతో లోహపు పలకలను కొట్టే వాద్యకారుడికి ఆ పట్టికలో చోటు దొరకకపోవడంలో వింత లేదు.

ఇక తమరి విషయానికి వస్తాను. 1940లో పోలీసు శాఖ తమరిని కన్నది. క్లబ్బులో పనిచేసే ప్రతివారూ, వాయించేవారే కాదు, వంటవారూ వడ్డించేవారూ కూడా స్టేషనుకు వెళ్లి, వేలిముద్రలు ఇచ్చి, తమరిని పొందాలి. రెండేళ్లకోసారి కొత్తది తీసుకోవాలి. నేరచరిత్ర ఉంటే తమరు దక్కరు, దక్కినా నిలవరు. శిక్ష వేసే పని కోర్టుది. ఆ శిక్ష పూర్తయ్యాక మనిషికి తిండి పుట్టకుండా చూసే పని మిగిలిపోతే దాన్ని తమరు భుజాన వేసుకున్నారు.

థెలోనియస్ మంక్ సంగతే తీసుకుందాం. 1940ల మొదట్లో హార్లెంలో, 118వ వీధిలోని మింటన్స్ ప్లేహౌస్‌లో కొత్త జాజ్ రూపుదిద్దుకుంటున్నప్పుడు పియానో ముందు కూర్చున్నది ఆయనే. 1951లో తోటి పియానిస్టు బడ్ పవెల్‌తో కలిసి కారులో ఉండగా పోలీసులు హెరాయిన్ పట్టుకున్నారు. మంక్ స్నేహితుని మీద సాక్ష్యం చెప్పలేదు. జైలుకు వెళ్లారు, తమరిని పోగొట్టుకున్నారు. ఆ తరువాత దాదాపు ఆరేళ్లు తన సొంత ఊళ్లో పేరున్న క్లబ్బు ఏదీ ఆయన్ను కూర్చోబెట్టలేకపోయింది. రికార్డులు చేయవచ్చు, కానీ రాత్రి తరువాత రాత్రి ఒకే గదిలో, ఒకే బృందంతో, ఒకే పాటను తిరగేసి మరగేసి చూసే అవకాశం స్టూడియోలో ఎక్కడిది? జాజ్ వాద్యకారుడు ఎదిగేది ఆ రాత్రుల్లోనే. తమరి చేతిలో ఉన్నవీ ఆ రాత్రులే.

1957లో తమరు కరుణించారు. బవరీ దగ్గర, కూపర్ స్క్వేర్‌లో, టెర్మినీ సోదరులు నడిపే ఫైవ్ స్పాట్ అనే చిన్న బారు అప్పుడే సంగీతంలోకి అడుగుపెట్టింది. అంతకుముందు అది తండ్రి కాలం నాటి మామూలు పేట బారు. వీధిని కప్పేస్తూ స్తంభాల మీద నడిచే థర్డ్ ఎవెన్యూ రైలు 1955లో ఆగిపోయి, కట్టడాన్ని పడగొట్టాక అక్కడికి వెలుతురు వచ్చింది, చుట్టుపక్కల చవక గదుల్లో ఉంటున్న చిత్రకారులూ వచ్చారు. ఆ వేసవి నుంచి నెలల తరబడి మంక్ అక్కడ వాయించారు, పక్కన శాక్సఫోన్‌తో జాన్ కోల్ట్రేన్ నిలబడ్డారు. ప్రపంచం అప్పటికి గాని మంక్‌ను అర్థం చేసుకోలేకపోయిందని విమర్శకులు గంభీరంగా రాశారు. నా ఉద్దేశంలో ప్రపంచానికి అంత మందబుద్ధి ఏమీ లేదు, వినడానికి చోటు లేకపోయిందంతే. ఈ ఘనత విమర్శకులు కాజేయడం అన్యాయం, అది తమరిది. మరుసటి ఏడాది డెలావేర్ రాష్ట్రంలో ఒక మోటెల్‌లో మంచినీళ్లు అడిగిన పాపానికి ఆయన్ను పోలీసులు కొట్టి పట్టుకుపోయారు. దెబ్బలు తిన్నది మంక్. మనసు నొచ్చుకుని మళ్లీ ఆయన్ను విడిచి వెళ్లినది తమరు.

గాయని బిల్లీ హాలిడే విషయంలో తమరి సూక్ష్మదృష్టి మరీ అబ్బురం. 1948 మార్చిలో ఆమె జైలు నుంచి విడుదలై, కొద్ది రోజులకే కార్నెగీ హాలు నిండా జనం ముందు పాడారు. దానికి తమరి అభ్యంతరం లేదు, అప్పట్లో అక్కడ మద్యం అమ్మేవారు కాదు కనుక. వేలమంది వినే హాల్లో ఆమె గొంతు క్షేమకరమే. ఇరవై బల్లల గదిలో అదే గొంతు ప్రజాభద్రతకు ముప్పు. 1959లో ఆమె కన్నుమూసేదాకా తమరు తిరిగి ఆమె చేతికి వెళ్లలేదు. 'బర్డ్' అని అందరూ పిలిచే శాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ పేరు మీదుగా బ్రాడ్‌వేలో బర్డ్‌లాండ్ అనే క్లబ్బే వెలిసింది. ఆయనకు కూడా తమరు 1951లో దూరమయ్యారు. బయట బోర్డు మీద పేరు రాయడానికి కార్డు అక్కరలేదు గనుక ఆ బోర్డు మాత్రం అలాగే ఉంది.

1960లో లార్డ్ బక్లీ అనే హాస్య ప్రసంగికుని దగ్గర తమరిని లాగేసుకున్నారు. చాలా ఏళ్ల కిందటి ఒక అరెస్టును దరఖాస్తులో రాయలేదని అభియోగం. కొన్ని వారాలకే ఆయన మరణించారు. అప్పుడు గాని పత్రికలూ రచయితలూ గొంతెత్తలేదు. అయినా 1967 దాకా తమరు చలించలేదు. తల్లిగారు మరో యాభై ఏళ్లు బతికారు, 1990లలో మేయర్ జూలియానీ కాలంలో యౌవనం తిరిగి వచ్చి, ముగ్గురు కాళ్లు కదిపిన బార్లకు తాళాలు వేయించారు. న్యూయార్క్ బార్ల గోడల మీద నాట్యం నిషేధమన్న పలకలు వెలిసింది ఆమె చలవే.

చివరకు 2017 అక్టోబరు 31న నగరసభ 44 ఓట్లతో ఆమెను రద్దు చేసింది. వ్యతిరేకంగా ఒకే ఒక్క ఓటు పడింది. తొంభై ఒక్క ఏళ్ల సేవకు ఈ మాత్రం కృతజ్ఞత చూపిన ఆ సభ్యునికి తమరి కుటుంబం తరఫున ఒక సన్మానపత్రం పంపడం ధర్మం. ఆయన పేరు సభ రికార్డుల్లో దొరుకుతుంది. వేలిముద్రలు అడగనవసరం లేదు.

ఇట్లు,
తమరి అనుమతి లేకుండా జాజ్ వినే
ఒక శ్రోత