మగ్గం ఎక్కకముందే అయిపోయే పని

పోచంపల్లి పట్టుచీర మగ్గం ఎక్కేసరికే దాని పని సగానికి పైగా అయిపోయి ఉంటుంది. నేతపనివాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. చేనేత మీద చట్టాలు రాసినవాళ్లకు, పథకాలు ప్రకటించేవాళ్లకు, ఏటా ఆగస్టు 7న, జాతీయ చేనేత దినోత్సవానికి, చేనేత చీర కట్టుకుని ఫొటో పెట్టే మనకు మాత్రం ఇంకా తలకెక్కినట్టు లేదు. మన చూపు మగ్గం దగ్గరికి వెళ్లి అక్కడే ఆగిపోతుంది.

ధర్మవరం చీరో, కంచి చీరో తీసుకోండి. బుటా అయినా అంచు అయినా మగ్గానికి బిగించే జకార్డు అనే పరికరం సాయంతో మగ్గం మీదే రూపు కడుతుంది. ఇక్కత్‌లో అలా కాదు. పోచంపల్లి చీర ఆ రకమే. దారానికి కట్లు కట్టి రంగు వేస్తారు కాబట్టి డిజైన్ ముందే దారంలోకి ఎక్కిపోతుంది, నేత దాన్ని బయటపెడుతుంది అంతే.

ముందు పట్టుదారాన్ని సబ్బు, సోడా కలిపిన నీళ్లలో ఉడకబెట్టి బంక పోగొడతారు. ముడిపట్టు బరువులో ఐదో వంతు నుంచి పావు వంతు దాకా ఆ బంకే. కిలో కొంటే చేతికి మిగిలేది ఇంచుమించు ముప్పాతిక కిలో. ఆ తర్వాత ఆసు, అంటే పేకను (చీరకు అడ్డంగా వచ్చే దారాన్ని) కట్టడానికి వీలుగా మేకుల మీద పోయడం. ఒక పక్క ఒంటి మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. పేక దారాన్ని పట్టుకుని ఆ మేకు నుంచి ఈ మేకుకు, ఈ మేకు నుంచి ఆ మేకుకు చెయ్యి తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు సుమారు 9 వేల సార్లు. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18 వేలు. భుజం ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అలా పోసిన దారాల మీద, గ్రాఫ్ కాగితంపై గీసుకున్న డిజైన్ ప్రకారం గుర్తులు పెడతారు. రంగు అంటకూడని చోటల్లా పాత సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు ముక్కలతో బిగించి కడతారు. దీన్నే చిటికి కట్టడం అంటారు. లేత రంగులో ముంచి, ఆరబెట్టి, మళ్లీ కొన్నిచోట్ల కట్టి, ముదురు రంగులో ముంచుతారు. డిజైన్‌లో ఎన్ని రంగులుంటే అన్ని విడతలు. పడుగునూ (నిలువు దారాలనూ) పేకనూ రెండింటినీ ఇలా కట్టి నేసే రకమైతే, ఇక అది ఓపికకు పరీక్షే. పడుగు మీదున్న ఏనుగు కాలు మీదికి పేకలో ఉన్న ఏనుగు కాలు సరిగ్గా వచ్చి కూర్చోవాలి. ఎంత జాగ్రత్తపడినా పువ్వు అంచులో కాస్త చెదురు ఉంటుంది. ఆ చెదురే చేతిపనికి గుర్తు. ప్రింటులో అంచు గీత గీసినట్టుంటుంది, తిరగేస్తే రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. ఇక్కత్ చీరకు మంచివైపు, తిరగవైపు అన్న తేడా దాదాపు ఉండదు.

మరి ఈ పనంతా ఎవరు చేస్తారు? ఆసు, కండెలకు దారం చుట్టడం, చిటికి చాలావరకు ఇంట్లో ఆడవాళ్లవి. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు కొంత, పిల్లలు బడికి పోయాక కొంత. కూలి మాత్రం పడుగు లెక్కన వస్తుంది. మాస్టర్ వీవర్, అంటే నేతపని చేయించుకునే ఆసామి, పట్టు ఇస్తాడు, ఆ పడుగు మీద ఏడెనిమిది చీరలు దిగాక మజూరీ ఇస్తాడు. అందులో ఆసుకింత, చిటికికింత అని విడిగా ఉండదు. మగ్గం మీద కూర్చున్న మనిషి పేరున డబ్బు వస్తుంది, అది ముగ్గురి కష్టానికి సరిపోయిందనుకుని సర్దుకోవాలి. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో నేతపని, అనుబంధ పనులు చేసేవాళ్లు 35 లక్షల పైచిలుకు. నేసేవాళ్లలో 70 శాతానికి పైగా ఆడవాళ్లే. మూడింట రెండు వంతుల నేత కుటుంబాల ఆదాయం నెలకు 5 వేలు కూడా దాటదు. ఆ 5 వేలను ఇంట్లో ఎన్ని చేతులు కలిసి సంపాదించాయన్నది నా ప్రశ్న.

చట్టం కూడా మగ్గాన్నే చూస్తుంది. కొన్ని రకాల బట్టలను చేనేతకే ప్రత్యేకించిన 1985 నాటి చట్టంలో చేతిమగ్గానికి ఇచ్చిన నిర్వచనం, మరమగ్గం కాని మగ్గం ఏదైనా సరే అన్నంత క్లుప్తం. మొదట 22 రకాలు ఉండేవి, తర్వాత 11కు తగ్గాయి. చీర ఆ జాబితాలో ఉంది కాబట్టి కొంత రక్షణ ఉన్నట్టే. కానీ పాలిస్టర్ గుడ్డ మీద ఇక్కత్ బొమ్మ అచ్చు గుద్ది, ప్రింటు చీర అనే పేరుతోనే అమ్మితే ఆ చట్టానికి పని లేదు. అక్కడ దొంగిలించింది నేతను కాదు, చిటికిని.

పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, దేశంలో అందరికంటే ముందు అందుకున్నవాటిలో అదొకటి. కానీ ఆ గుర్తింపు కాపాడేది పేరును. పోచంపల్లి అనే మాట వాడకుండా ‘ఇక్కత్ ప్రింట్’ అని చీటీ అంటిస్తే ఏం చేస్తారు? డిజైన్ల చట్టం కింద నమోదు చేద్దామంటే అది కొత్తదనం అడుగుతుంది. తాతల నాటి డిజైన్‌కు కొత్తదనం ఎక్కణ్నుంచి తెస్తాం? పాతది కావడమే దాని విలువ, పాతది కావడమే దాని నేరం.

ఆ మధ్య హైదరాబాద్‌లో ఒక దుకాణానికి వెళ్తే సేల్స్‌మన్ రెండు చీరలు పరిచాడు. ‘‘మేడమ్, ఇదీ పోచంపల్లే, అదీ పోచంపల్లే. అది పన్నెండు వేలు, ఇది తొమ్మిది వందలు. ఫొటోలో రెండూ ఒకటే!’’ అన్నాడు. అబద్ధం ఆడుతున్నాడని కూడా అనలేను, ఫొటోలో నిజంగానే ఒకటే. తొమ్మిది వందల చీర కొనేవాళ్ల మీద నాకు కోపం లేదు. పన్నెండు వేల చీర కొన్నవాళ్లకైనా బిల్లులో చిటికి కనబడదు కదా, అదీ నా బాధ. సిల్క్ మార్క్ చూస్తే పట్టు స్వచ్ఛమైనదని తెలుస్తుంది. హ్యాండ్లూమ్ మార్క్ చూస్తే చేత్తో నేశారని తెలుస్తుంది. దారం కట్టి రంగు వేశారా, ఎన్ని రోజులు కట్టారు, ఎవరు కట్టారు అన్నది చెప్పే చీటీ మాత్రం నేను కొన్న ఏ చీరకూ లేదు. సహకార సంఘాలు ఆ పని రేపే మొదలుపెట్టొచ్చు. మజూరీ చిట్టాలో ఆసుకు, చిటికికి వేరే గడులు గీయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. అయితే గడి గీస్తే అందులో అంకె వేయాలి. అంకె వేస్తే ఇవ్వాలి. బహుశా ఇబ్బంది అక్కడే.

ఆసుకు అలాంటి లెక్క ఒకసారి వచ్చింది, దారి మాత్రం వేరు. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఆసు యంత్రం చేసే పనిలో పడ్డారు. ఏళ్ల తరబడి తిప్పలు పడి 1999లో సాధించారు, తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. చేత్తో పోస్తే నాలుగైదు గంటలు పట్టే ఆసు దాని మీద గంటన్నరలో అయిపోతుంది. మోటారు వచ్చిందని ఆ చీరను చేనేత కాదన్నవాళ్లు నాకైతే కనబడలేదు. ఒక ఇంటి మగ్గానికి రోజూ అన్ని చీరల ఆసు అవసరం ఉండదు కాబట్టి, యంత్రం ఉన్నవాళ్లు పక్కింటి వాళ్లకూ పోసిపెట్టి చీరకింత అని తీసుకోవడం మొదలైంది. అమ్మ చేత్తో 9 వేల సార్లు తిప్పినన్నాళ్లూ లేని రేటు, మోటారు తిప్పడం మొదలుపెట్టాక వచ్చింది.