కరోనాలో ఏ రాష్ట్రం ఎలా చేసిందో తేల్చాలంటే చావుల లెక్క దగ్గర మొదలెట్టాలి

కరోనా టైంలో ఏ రాష్ట్రం బాగా చేసింది అని ఎక్కడ మాట వచ్చినా ముందు కేసుల పట్టిక తీస్తారు, కేరళలో అన్ని కేసులా, తెలంగాణలో ఇన్నేనా, మన తూర్పు గోదావరి అయితే ఆంధ్రాలోనే టాప్ అంట కదా అని. ఈ పద్ధతి తప్పండి. అప్పటి ఉమ్మడి తూర్పు గోదావరి రాష్ట్రంలోకెల్లా జనాభా ఎక్కువున్న జిల్లా, 2011 లెక్కల్లోనే 51 లక్షలు దాటారు, పైగా ఇక్కడ టెస్టులు గట్టిగా చేశారు, వెతికితే దొరుకుతాయి మరి. తెలంగాణలో 2020 వేసవిలో టెస్టులు సరిపడా చేయట్లేదని అక్కడి హైకోర్టే ఒకటికి రెండుసార్లు గట్టిగా మందలించింది. టెస్టులు తక్కువ చేసి కేసులు తక్కువ అని చెప్పుకుంటే దాంట్లో గొప్పేముంది?

2021 జూన్, జులైల్లో కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ రక్త నమూనాలు తీసి సర్వే చేస్తే అసలు సంగతి బయటపడింది. మధ్యప్రదేశ్‌లో 79 శాతం మందిలో యాంటీబాడీలు, అంటే వైరస్ సోకితే గానీ టీకా వేస్తే గానీ రక్తంలో పుట్టే రక్షకాలు, ఉన్నాయి, మన ఆంధ్రాలో 70 శాతం, కేరళలో మాత్రం 44 శాతమే. అంటే రోజూ టీవీలో కేసుల్లో ముందుండి అందరిచేతా తిట్లు తిన్న కేరళలోనే వైరస్ తక్కువమందికి అంటింది, అక్కడ వచ్చినవాళ్లని పట్టుకుని లెక్క రాశారు, మిగతా చోట్ల చాలామందికి వచ్చింది పోయింది, పుస్తకంలోకి ఎక్కలేదు.

మన దగ్గర బాగా జరిగింది కూడా చెప్పుకోవాలి. 2019 ఆగస్టులో వాలంటీర్లని పెట్టారు, పల్లెల్లో 50 ఇళ్లకి ఒకరు. రాజోలు, మలికిపురం, మామిడికుదురు వైపు కువైట్‌కో మస్కట్‌కో వెళ్లిన ఆడవాళ్లు లేని వీధి ఉండదు, 2020 మార్చిలో ఎవరు దిగారో ఎయిర్‌పోర్టు లిస్టు ఊరికి చేరేలోపే ఆ వీధి వాలంటీరుకి తెలుసు, ఫలానా వాళ్ల కోడలు నిన్న రాత్రి కారులో వచ్చిందని. ఏఎన్ఎమ్ముని, ఆశా వర్కర్‌ని వెంటపెట్టుకుని ఆ ఇంటికెళ్లి జ్వరం ఉందా దగ్గుందా అని అడిగి ఫోన్‌లో ఎక్కించేవాళ్లు. కరోనా వైద్యాన్ని ఆరోగ్యశ్రీలో పెట్టారు, 2020 జులై 1న వెయ్యికి పైగా కొత్త 108, 104 బండ్లు రోడ్డెక్కాయి. ఆగస్టులో కేసులు ఎక్కువగా ఉన్నప్పుడే గోదారి మూడో ప్రమాద హెచ్చరిక దాటి లంక ఊళ్లు మునిగాయి, ఒకపక్క దూరం పాటించమంటారు ఇంకోపక్క అందర్నీ పడవలెక్కించి ఒడ్డుకి చేర్చాలి, ఆ రోజుల్లో కింద పనిచేసినవాళ్ల కష్టం తక్కువది కాదు.

అయితే ఆ వాలంటీరు ఫోన్‌లో ఎక్కించిందంతా పైకెళ్లింది, ఊరికి తిరిగి రాలేదు. మన పంచాయతీల గడువు 2018 ఆగస్టులోనే అయిపోయింది, ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి, అంటే మొదటి వేవ్ మొత్తం ఊళ్లో సర్పంచే లేడు, స్పెషల్ ఆఫీసరు పాలన. అదే టైంలో పక్కనున్న ఒడిశా 2020 ఏప్రిల్‌లో సర్పంచులకి వాళ్ల పంచాయతీ వరకు కలెక్టరు అధికారాలు ఇచ్చింది, బయటనుంచి వచ్చినవాళ్లు క్వారంటైన్ పూర్తి చేస్తే 2,000 రూపాయలు చేతిలో పెట్టింది. కేరళలో వార్డు మెంబర్లే కమిటీలు నడిపారు, కుటుంబశ్రీ మహిళలు పంచాయతీలతో కలిసి వంటశాలలు పెట్టారు. 2018లో నిపా వైరస్ చూసిన అనుభవం కూడా వాళ్లకి ఉంది, అది వేరే విషయం. ఎన్నికైన మనిషి ఉంటే ఊరు నిలదీస్తుంది, మా వీధిలో ఎంతమంది పోయారు ఎందుకు రాయలేదు అని, స్పెషల్ ఆఫీసర్ని ఎవరు అడుగుతారు?

యానాం సంగతి చూడండి. చుట్టూ అప్పటి మన ఉమ్మడి జిల్లానే, పాలన పుదుచ్చేరిది. మనుషులు ఒకటే, పెళ్లిళ్లు పేరంటాలు ఇటూ అటూ, కానీ లాక్‌డౌన్‌లో ఆంధ్రాలో ఇరుక్కున్న యానాం వాళ్లే తమ ఊరి సరిహద్దు దగ్గర ఆగిపోయారు, వాళ్లని లోపలికి రానివ్వాలని అప్పటి పుదుచ్చేరి ఆరోగ్య మంత్రి, ఆ ఊరి ఎమ్మెల్యేనే అయిన మల్లాడి కృష్ణారావు నిరసనకి దిగాల్సి వచ్చింది. మంత్రి మాటే చెల్లలేదంటే మామూలు కూలీ సంగతి ఏంటి. 2021 మేలో ఇదే కథ పెద్దగా జరిగింది, ఆంధ్రా నుంచి హైదరాబాద్ వెళ్లే అంబులెన్సుల్ని జగ్గయ్యపేట దాటాక తెలంగాణ పోలీసులు ఆపేశారు, హైకోర్టు తప్పని చెప్పాకే వదిలారు.

ఇక రెండో వేవ్. విశాఖ ఉక్కు నుంచి ఆక్సిజన్ రైలు మహారాష్ట్రకి వెళ్లింది 2021 ఏప్రిల్ 22న, మూడు వారాలు కాకుండానే మే 10న తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో ఆక్సిజన్ అందక 11 మంది చనిపోయారని ప్రభుత్వమే ఒప్పుకుంది. గ్యాస్ తయారుచేసే రాష్ట్రంలోనే ఇలా జరగడం ఇప్పటికీ మింగుడుపడదు. అదే వేవ్‌లో ముంబైలో వార్డుకో వార్ రూం పెట్టి బెడ్లు అక్కడినుంచే ఇచ్చారు, వాళ్ల పద్ధతి చూసి నేర్చుకోమని సుప్రీంకోర్టు ఢిల్లీకి చెప్పింది.

మన పల్లెల్లో ఏం జరిగింది? జ్వరం రాగానే ఆర్ఎంపీ దగ్గరికి, ఆయన సెలైన్ పెట్టి రెండు రోజులు చూద్దాం అంటాడు, మూడో రోజు ఆయాసం, అమలాపురంలో సీటీ స్కాన్ తీస్తే ఊపిరితిత్తులు సగం పోయాయంటారు, ఆర్టీపీసీఆర్ రిజల్ట్ ఇంకా రాలేదు, కాకినాడలో బెడ్ లేదు, దారిలోనే ప్రాణం పోతుంది. పేపర్ మీద పాజిటివ్ లేదు కాబట్టి అది కరోనా చావు కాదు. ఇంట్లోవాళ్లు కూడా గుండెపోటు అనే చెప్పుకున్నారు, లేకపోతే మోయడానికి నలుగురు రారని భయం.

ఆ చావులన్నీ కరోనాతో పోయినవాళ్ల ఇంటికి ఇచ్చే 50,000 రూపాయల పరిహారం దగ్గర పైకి తేలాయి. 2022 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన లెక్క చూడండి. ఆంధ్రాలో ప్రభుత్వం ఒప్పుకున్న చావులు 14,471, వచ్చిన అర్జీలు 36,205. తెలంగాణలో 3,993 చావులకి 28,969 అర్జీలు. గుజరాత్‌లో 10,094కి 89,633. కేరళలో మాత్రం 49,300 చావులకి అర్జీలు 27,274, అంటే లెక్కకన్నా అర్జీలే తక్కువ. కేరళ కూడా మొదట్లో చాలా వదిలేసింది, విమర్శలొచ్చాక తర్వాత వేల సంఖ్యలో కలిపింది, కానీ కలిపింది కదా, పరువు పోతుందని ఆగలేదు. అర్జీల్లో దొంగవి లేవా అంటే ఉన్నాయనే అనుమానంతోనే ఆంధ్రా, కేరళతో కలిపి నాలుగు రాష్ట్రాల్లో 5 శాతం అర్జీలు తనిఖీ చేయడానికి కోర్టు ఒప్పుకుంది, పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లో పోతే కరోనా కిందే లెక్క అని రూలు కూడా విశాలం చేశారు. అవన్నీ తీసేసినా ఏడింతలు, తొమ్మిదింతల తేడా దొంగ అర్జీలతో రాదండి.

2024 తర్వాత వాలంటీర్ల వ్యవస్థ నడవట్లేదు, ఇంకో జబ్బు వస్తే గుమ్మం దగ్గరికొచ్చేది మళ్లీ ఏఎన్ఎమ్ము, ఆశాలే. జనన మరణాల రిజిస్టరు ప్రతి పంచాయతీలో ఉంటుంది, 2019, 2020, 2021 మూడేళ్లవీ నెలనెలా ఎంతమంది చనిపోయారో పేర్లు లేకుండా సంఖ్య మాత్రం సచివాలయం గోడ మీద అంటించమని గ్రామసభలో తీర్మానం పెట్టొచ్చు. కొత్తగా సర్వే అక్కర్లేదు, ఖర్చు లేదు, ఏ ఊళ్లో 2021 మే నెల మిగతా నెలలకన్నా ఎంత పెరిగిందో ఆ ఊరివాళ్లకే కనపడుతుంది, అర్జీ పెట్టుకోకుండా మిగిలిపోయిన ఇళ్లు ఏవో కూడా వాళ్లే చెప్తారు.