డౌన్‌లోడ్ చేశాం అనుకుంటున్న పాటలు

విశాఖ నుంచి అరకు వెళ్లే రైలు బొడ్డవర దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక సొరంగాల మధ్య ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఇది తెలిసే, ప్రయాణానికి ముందు రోజు రాత్రి నాన్న ఫోన్‌లో ఒక మ్యూజిక్ యాప్ తెరిచి, ఘంటసాల, లీల, సుశీల పాటలు నూట యాభై దాకా ఏరి డౌన్‌లోడ్ చేసి పెట్టాను. నాన్నకు 76 ఏళ్లు. కొత్త ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కిటికీ పక్కన సర్దుకుని కూర్చుని, మొదటి పాట నొక్కారు. పలకలేదు. రెండోదీ అంతే. పేర్లన్నీ కనిపిస్తున్నాయి, కానీ బూడిద రంగులో. సబ్‌స్క్రిప్షన్ గడువు ఆ ముందు రాత్రితోనే అయిపోయిందట. మళ్లీ డబ్బు కడదామంటే నెట్ లేదు. "పోనీలేరా, కొండలు చూద్దాం" అన్నారు నాన్న. ఆయన నిజంగానే కొండలు చూశారు. నాకు మాత్రం అరకు చేరేదాకా మనసు మనసులో లేదు.

ఆ తర్వాత ఈ విషయం మీద చాలా ఆలోచించాను. తప్పంతా మన వాడుకలోని 'డౌన్‌లోడ్' అనే ఆ ఒక్క మాటలో ఉందనిపించింది. యాప్‌లో బాణం గుర్తు నొక్కితే పాట మన ఫోన్‌లోకి వచ్చిన మాట నిజమే. కానీ తాళం వేసి వస్తుంది. ఆ తాళం తెరిచేది ఆ యాప్ ఒక్కటే, అదీ మన లెక్క సరిగ్గా ఉందని దానికి నమ్మకం కుదిరితేనే. స్పాటిఫైలో అయితే డబ్బు కడుతున్నవాళ్లు కూడా 30 రోజులకు ఒకసారైనా నెట్‌కు కనెక్ట్ అవ్వాలి, లేకపోతే దింపుకున్న పాటలు పోతాయి. ఆ పాటను ఇంకో ఫోన్‌కు పంపలేం, పెన్ డ్రైవ్‌లో వేసి కారులో పెట్టలేం. గ్రంథాలయం నుంచి పుస్తకం తెచ్చుకుంటే గడువు దాటాక జరిమానా కడతాం, అంతేగాని చేతిలో ఉన్న పుస్తకంలో అక్షరాలు మాయం కావు కదా!

సరే, గడువు తప్పకుండా కడుతూ ఉంటామనుకుందాం. అప్పుడైనా భరోసా ఉందా? స్పాటిఫై మన దేశానికి 2019 ఫిబ్రవరిలో వచ్చింది. వచ్చిన కొద్ది వారాలకే సరిగమ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, దాని పాటలు అక్కడి నుంచి తొలగిపోయాయి. ఈ సరిగమ ఒకప్పటి గ్రామఫోన్ కంపెనీయే. కుక్క బొమ్మ ఉన్న హెచ్‌ఎంవీ రికార్డులు మన ఇళ్లకు వచ్చింది అక్కడి నుంచే. పాత తెలుగు పాటల్లో పెద్ద భాగం దాని చేతిలోనే ఉంది. మరుసటి ఏడాది ఒప్పందం కుదిరి పాటలు తిరిగొచ్చాయి కాబట్టి సరిపోయింది. 2024లో రెస్సో అనే మ్యూజిక్ యాప్ మన దేశంలో మూతపడింది, అదే ఏడాది వింక్ మ్యూజిక్ అనే ఇంకో యాప్‌ను కూడా ఆపేస్తున్నట్టు ప్రకటించారు. ఏళ్ల తరబడి ఒక్కో పాటా ఏరి పేర్చుకున్న జాబితాలు వాటితోపాటే పోయాయి. కొత్త సినిమా పాట ఒక చోట పోతే పది చోట్ల దొరుకుతుంది. 1950ల నాటి పాటకు ఆ వెసులుబాటు తక్కువ.

పైగా పాత పాట అంటే ఒకటే పాట కాదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక వైపున పట్టేది మూడు, మూడుంపావు నిమిషాలే. అందుకని సినిమాలో నాలుగు చరణాలున్న పాట రికార్డులో రెండు చరణాలతో ఆగిపోవచ్చు. పాట ముందు వచ్చే పద్యమో, సాకీయో ఎగిరిపోవచ్చు. కొన్ని పాటలను రికార్డు కోసం విడిగా మళ్లీ పాడించారు కూడా. అలా ఒకరికి గుర్తున్న పాట థియేటర్‌లో విన్నది, ఇంకొకరికి గుర్తున్నది రేడియోలో మోగిన రికార్డు. యాప్‌లో దొరికేది ఈ రెండింట్లో ఏదో ఒకటి. ఒక్కోసారి కొత్త డ్రమ్స్ కలిపి స్టీరియో చేసిన మూడో రకం దొరుకుతుంది, దాన్ని నేను ఎప్పటికీ ఇష్టపడలేను. మీకు కావలసిన ఆ ఒక్క రూపం దొరికినప్పుడు దాన్ని ఫైలుగా దాచుకోవడం తప్ప దారి లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మన పల్లెలకు ఈ సంగతి ముందే తెలుసు. రీచార్జ్ షాపుల ముందు "మెమరీ కార్డులో పాటలు ఎక్కించబడును" అని రాసి ఉండేది. ఇరవయ్యో యాభయ్యో ఇస్తే ఘంటసాల పాటలు, నాటక పద్యాలు, నాజర్ బుర్రకథ, అయ్యప్ప భజనలు ఓ కార్డు నిండా ఎక్కించి ఇచ్చేవాళ్లు. చట్టం ప్రకారం అది దొంగ వ్యాపారమే, దాన్ని సమర్థించను. కానీ పొలంలో, లారీ క్యాబిన్‌లో, మగ్గం ముందు పాట వినాలనుకున్న మనిషి అవసరం దొంగది కాదు. ఆ అవసరాన్ని కంపెనీలు తీర్చలేదు, ఆ షాపు కుర్రాడు తీర్చాడు. 2017లో సరిగమ 5,000 హిందీ పాటలు నింపి కార్వాన్ పెట్టె తెచ్చినప్పుడు పెద్దవాళ్లు వేల రూపాయలు పెట్టి కొనుక్కున్నారు. డబ్బు కట్టడానికి వాళ్లకు అభ్యంతరం లేదనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి? యాపిల్ కంపెనీ పాటలమ్మే ఐట్యూన్స్ స్టోర్ 2012లో మన దేశానికి వచ్చింది, అందులో కొన్న పాటకు తాళం లేదు. అయితే మన ఊళ్లలో ఎక్కువ మంది చేతుల్లో ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లు.

ఇక ఇంట్లో ఉన్న క్యాసెట్ల సంగతి. నా దృష్టిలో అసలు ఆస్తి అదే. రేడియోలో వస్తుండగా టేప్ చేసుకున్న లలిత గీతాలు, ఊళ్లో జరిగిన హరికథ, పెళ్లిలో అమ్మమ్మ పాడిన మంగళహారతి ఏ యాప్‌లోనూ రావు. మా ఇంట్లో ఇలాంటివి ఓ అట్టపెట్టె నిండా ఉన్నాయి. ఈ వేసవిలో వాటిని ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను.

దీనికి పెద్ద సామాను అక్కర్లేదు. పని చేసే టేప్ రికార్డర్, రెండు వైపులా ఇయర్‌ఫోన్ పిన్ ఉన్న వైరు, ఒక కంప్యూటర్ ఉంటే చాలు. ల్యాప్‌టాప్‌లో శబ్దం లోపలికి తీసుకునే సాకెట్ లేకపోతే కొన్ని వందల రూపాయలకు యూఎస్‌బీ సౌండ్ కార్డు దొరుకుతుంది. ముందుగా దూదికి స్పిరిట్ అద్ది టేప్ రికార్డర్ హెడ్ తుడవాలి, ఆరనివ్వాలి. ఏళ్లుగా కదలని క్యాసెట్‌ను వెంటనే ప్లే చేయకుండా ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాలి, అప్పుడు అంటుకున్న చుట్లు విడతాయి. లోపల టేపును హెడ్‌కు ఆనించే చిన్న మెత్త ఊడిపోతే పాట దూరం నుంచి వినిపిస్తున్నట్టు ఉంటుంది. దాన్ని ఇంకో పాత క్యాసెట్ నుంచి తీసి అతికించవచ్చు. రికార్డింగ్‌కు ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. శబ్దం స్థాయి ఎర్ర గీతను తాకకుండా చూసుకోవాలి, ఒకసారి పగిలిన గొంతును తర్వాత అతికించలేం.

గంట క్యాసెట్‌కు గంట పడుతుంది, దగ్గర దారి లేదు. నాన్న ఆ గంటలు నా పక్కనే కూర్చున్నారు. అమ్మమ్మ హారతి మధ్యలో ఎక్కడో కుక్కర్ కూత వేసింది. "తీసేయనా?" అంటే "ఉంచు, అది మన పాత ఇంటి వంటగది" అన్నారు.

హోరు తగ్గించే బటన్ విషయంలో కూడా నాది అదే మాట. కొంచెం వాడితే మేలు, ఎక్కువైతే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు మారిపోతుంది. ఏమీ మార్చని కాపీ ఒకటి తప్పకుండా ఉంచుకోవాలి. మోనోలో, అంటే ఒకే చానల్‌లో, కుదించని అసలు కాపీ నిమిషానికి 5 ఎంబీ పైచిలుకు, అంటే 90 నిమిషాల క్యాసెట్ అర జీబీ లోపే. దాని నుంచి ఫోన్ కోసం కుదించిన ఫైలు, అంటే 128 కేబీపీఎస్ ఎంపీ3 తీస్తే నిమిషానికి ఒక ఎంబీ. మూడు నిమిషాల పాటలు 32 జీబీ కార్డులో దగ్గర దగ్గర పది వేలు పడతాయి.

అందరూ అశ్రద్ధ చేసేది పేర్లు. "ట్రాక్ 01" అని వదిలేస్తే నెల తర్వాత మనకే తెలియదు. పెద్దవాళ్లు పాటను సినిమా పేరుతో కన్నా పల్లవి మొదటి మాటతో గుర్తు పెట్టుకుంటారు. ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే ఒకే మాటకు నాలుగు స్పెల్లింగులు. అందుకే పల్లవి, గాయకుడి పేరు, ఏడాది తెలుగు లిపిలోనే రాశాను. ఫోన్‌లో పాటలు వినిపించే వీఎల్‌సీ ప్లేయర్ అనే యాప్ వాటిని చక్కగా చూపిస్తుంది, నెట్ అడగదు.

చట్టం మాటేమిటని కొందరికి టెన్షన్. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకానికి మినహాయింపు ఇస్తుంది. మన క్యాసెట్‌ను మనం వినడానికి ఫోన్‌లోకి మార్చుకోవడం అందులోకే వస్తుందని నా అభిప్రాయం. యూట్యూబ్‌లో పెట్టడం వేరే సంగతి. రికార్డింగ్‌పై హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. ఆ లెక్కన 1965లో వచ్చిన రికార్డుపై హక్కు 2025 చివరితో తీరింది. కానీ సాహిత్యానికి, బాణీకి లెక్క వేరు, వాటిని రాసినవారు, కట్టినవారు పోయాక మరో 60 ఏళ్లు. ఘంటసాల 1974లో కన్నుమూశారు కాబట్టి ఆయన కట్టిన బాణీలకు 2034 చివరి దాకా రక్షణ ఉంటుంది.

అన్నేళ్లు ఎదురుచూసే వయసు ఈ పాటలు వినేవాళ్లలో చాలామందికి లేదు. హక్కులున్న కంపెనీలు పాటకు ఇంత అని ధర పెట్టి, తాళం లేని ఫైలు అమ్మాలి. సినిమా రూపమా, రికార్డు రూపమా అన్నది పక్కన స్పష్టంగా రాయాలి. నేను మొదటి రోజే కొంటాను, నాన్న కోసం రెండు రూపాలూ కొంటాను.

మా అట్టపెట్టెలో ఇంకా పదకొండు క్యాసెట్లు మిగిలాయి. రెండింటికి బూజు పట్టింది. వచ్చే ఆదివారం వాటితోనే మొదలుపెట్టాలి, ఇంకో వానాకాలం ఆగితే అవి దక్కవు.