‘ఎవరూ అడుగుపెట్టని’ అండమాన్ తీరాలు: ఒక సందేశానికి జవాబు

“అండమాన్‌లో ఎవరూ అడుగుపెట్టని తీరాలు, ఒక్క బ్యాగుతో వెళ్ళిరండి” అనే సందేశం ఈ నెలలో నాకు ఐదోసారి వచ్చింది. పంపినవాళ్ళలో ఇద్దరు డాక్టర్లు, ఒకరు లెక్కల మాస్టారు ఉన్నారు కాబట్టి, చదవకుండానే పంపి ఉంటారని సరిపెట్టుకున్నాను. కానీ నిన్న ఒక మిత్రుడు అందులోని సలహాలను నమ్మి టికెట్లు కూడా కొన్నానని చెప్పడంతో ఊరుకోవడం కుదరలేదు.

ఎవరూ అడుగుపెట్టని తీరాల జాబితాలో మొదటి పేరు హ్యావ్‌లాక్ ద్వీపంలోని రాధానగర్. స్థానికులు ఏడో నంబరు బీచ్ అని పిలిచే ఈ తీరాన్ని 2004లోనే టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేటి తీరమని కీర్తించింది. ఆనాటి నుంచి అక్కడికి పోనివాళ్ళను వెతకడమే కష్టం. రెండో పేరు నీల్ ద్వీపంలోని సీతాపూర్. పక్కనే భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్ కూడా ఉన్నాయి. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి అడవి కొట్టి, వరి వేసి, కూరగాయలు పండించుకుంటున్న కుటుంబాల ఊళ్ళు అవి. ఎవరూ అడుగుపెట్టని తీరానికి సీతమ్మ పేరు పెట్టింది చేపలా? ఆ మాటకొస్తే 2011 జనగణన ప్రకారం ఈ ద్వీపాల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత ఎక్కువమంది మాతృభాష తెలుగే.

సాయంత్రం ఆరున్నరకు రాధానగర్‌లో సూర్యాస్తమయం చూడాలట. గడియారం మన గడియారమే, కానీ ఆ ద్వీపాలు బాగా తూర్పున ఉండడంతో సూర్యుడు మాత్రం ముందే దిగిపోతాడు. ఏడాదిలో ఏ రోజూ అక్కడ ఆరు దాకా ఆగడు. ఆరున్నరకు వెళ్ళినవారికి చీకటి కనిపిస్తుంది.

“2018లో అనుమతులన్నీ ఎత్తేశారు, జాలరికి రెండు వేలు ఇస్తే ఏ ద్వీపానికైనా తీసుకెళ్తాడు” అన్నది మూడో వాదన. 2018లో 29 ద్వీపాలకు సడలించిన అనుమతి విదేశీయులకు సంబంధించినది. హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో వెళ్ళేవాడికి ఆ కాగితంతో ఏనాడూ పని లేదు. మనకూ విదేశీయులకూ సమానంగా వర్తించేది ఆదిమ తెగల రక్షణ కోసం 1956లో వచ్చిన నిబంధన. దాన్ని ఎవరూ ఎత్తేయలేదు. బయటివాళ్ళను రానివ్వని సెంటినెలీస్ తెగ ఉండే ఉత్తర సెంటినెల్ ద్వీపం ఒడ్డుకే కాదు, దాని చుట్టూ ఉన్న సముద్రంలోకి వెళ్ళినా నేరమే. 2018 నవంబరులో ఒక అమెరికన్ మతప్రచారకుడు జాలర్లకు 25 వేల రూపాయలు ఇచ్చి అక్కడికి చేరుకొని ప్రాణం పోగొట్టుకున్నాడు. అతడి ప్రయాణానికి సాయపడినందుకు ఏడుగురు అరెస్టయ్యారు. 2025 మార్చిలో మరో అమెరికన్ ఒక కొబ్బరికాయ, ఒక కోక్ డబ్బా ఒడ్డున పెట్టి వచ్చి పోలీసులకు దొరికాడు. రెండు వేలకు పడవ కట్టే జాలరికి తన భార్యాబిడ్డల మీద ప్రేమ ఉండదని ఈ సందేశం రాసిన పెద్దమనిషి అనుకుంటున్నట్టుంది.

ఇక అసలు దగ్గరికి వస్తాను. “బారాటాంగ్ వెళ్ళే దారిలో జారవాలు కనిపిస్తారు, బిస్కెట్లు, అరటిపండ్లు పట్టుకెళ్ళండి, పిల్లలు నవ్వుతూ చెయ్యి చాపుతారు, ఫోటోలు అద్భుతంగా వస్తాయి” అని రాశారు. ఈ ఒక్క వాక్యం లేకపోతే మిగతాదంతా నవ్వి వదిలేసేవాణ్ణి.

జారవాలు ఒక ఆదిమ తెగ. బారాటాంగ్ ద్వీపానికి వెళ్ళే ఆ దారి వాళ్ళ అడవి మధ్యలోంచి పోతుంది. దాన్ని మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పినా వాహనాలు తిరుగుతూనే ఉన్నాయి. ఆగకూడదు, ఏమీ ఇవ్వకూడదు, ఫోటో తీయకూడదు, తీస్తే జైలు. తిండి ఆశ చూపి జారవా స్త్రీలను నాట్యం చేయించిన వీడియో 2012లో బయటపడి దేశమంతా తల దించుకున్న సంగతి మన మిత్రులు అప్పుడే మరిచిపోయారు. అంతకన్నా పెద్ద సంగతి జబ్బులది. బయటివాళ్ళతో అలవాటు లేని ఒంటికి మనకు నాలుగు రోజుల జ్వరంగా వచ్చిపోయే తట్టు ప్రాణాంతకం. 1877లో తట్టు సోకి గ్రేట్ అండమానీయులనే మరో తెగవాళ్ళు కుప్పలుగా చనిపోయారు. ఒకప్పుడు వేలల్లో ఉన్న ఆ జాతిలో ఈనాడు మిగిలింది సుమారు యాభై మంది. 1880లో ఒక బ్రిటిష్ అధికారి ఉత్తర సెంటినెల్ నుంచి ముసలి దంపతులను, నలుగురు పిల్లలను పోర్ట్‌బ్లెయిర్‌కు పట్టుకొస్తే పెద్దలిద్దరూ జబ్బుపడి పోయారు, పిల్లలను కానుకలతో తిరిగి దింపేశారు. ఆ కానుకలకూ మన బిస్కెట్ ప్యాకెట్‌కూ తేడా ఏమిటో డాక్టరు మిత్రులు చెప్పాలి. 1990ల చివర్లో జారవాలు అడవి దాటి బయటికి రావడం మొదలయ్యాక, 1999లో వాళ్ళకూ తట్టు సోకింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నేనూ ఆ దారిలో వెళ్ళాను. తెల్లవారుజామున ఆ దారి మొదట్లో ఉన్న జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర టీ తాగుతూ, ఫారం నింపి, కాన్వాయ్ కదిలేదాకా కూర్చున్నప్పుడు డ్రైవరు నిబంధనలన్నీ వల్లించాడు. నేను కెమెరా బయటికి తీయలేదు. కానీ పన్నెండో పదమూడో కిలోమీటరు దగ్గర దారి పక్కన ఇద్దరు పిల్లలు కనపడగానే బండిలో అందరితోపాటు నేనూ అద్దానికి ముఖం ఆనించి చూశాను. వాళ్ళలో ఒకడు మమ్మల్ని చూడకుండా రోడ్డు అవతలి చెట్టునే చూస్తూ నిలబడ్డాడు. బారాటాంగ్‌లోని సున్నపురాయి గుహలు చూసొచ్చాను, అవి గుర్తు లేవు.

మరో సలహా: తీరంలో ఎక్కడైనా గుడారం వేసుకోవచ్చు, ఏ భయమూ లేదు. ఉప్పునీటి మొసళ్ళకు ఈ సందేశం ఇంకా అందినట్టు లేదు. 2010లో ఇదే రాధానగర్ పక్కన సముద్రంలో ఈదుతున్న ఒక అమెరికన్ యువతిని మొసలి చంపింది; వండూర్ లాంటి చోట్ల ఈతకు వల కట్టింది అందం కోసం కాదు. మడ అడవి, వాగు కలిసే చోట ఇసుక ఎంత తెల్లగా ఉన్నా దూరంగా ఉండాలి. ఉత్తర అండమాన్‌లో డిగ్లీపూర్ దగ్గరి కాలీపూర్ తీరంలో చలికాలం తాబేళ్ళు గుడ్లు పెడతాయి. అక్కడ టార్చి వెలిగిస్తే పిల్ల తాబేళ్ళు సముద్రం వైపు కాక వెలుగు వైపు పోతాయి.

గవ్వలు, పగడాలు ఏరుకురమ్మన్న సలహా విన్నవారి సంచి విమానాశ్రయంలో తేలికవుతుంది, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. జూన్, జూలైల్లో రద్దీ ఉండదు, చవక అన్నది అక్షరాలా నిజం, ఎందుకంటే పడవలూ తరచూ రద్దవుతాయి. నేను ఒకసారి జూలైలో జెట్టీ మీద గొడుగు పట్టుకొని రెండు రోజులు నిలబడ్డాను.

అయినా చివరన ఉన్న ఒక వాక్యం మాత్రం నిజం: “హ్యావ్‌లాక్ మానేసి ప్రభుత్వ ఓడలో హట్‌బే వెళ్ళండి, నగదు పట్టుకెళ్ళండి.” రాత్రంతా డెక్కు మీద గాలికి వణుకుతూ హట్‌బే రేవు ఉన్న లిటిల్ అండమాన్ ద్వీపం చేరితే, బట్లర్ బే ఇసుక మీద పొద్దున మన అడుగులు తప్ప వేరే అడుగులు కనపడని గంటలు నిజంగానే దొరుకుతాయి. అదే ద్వీపంలో ఓంగే అనే ఆదిమ తెగకు కేటాయించిన భాగానికి మాత్రం పోకూడదు. ఈ ఒక్క వాక్యం ఉంచి మిగతాదంతా చెరిపేసి పంపితే, ఆ సందేశాన్ని నేనే పదిమందికి పంపుతాను.