గోడకు మేకు కొట్టరాదు, బూజు పట్టవచ్చు

తిరుపతిలో బాడుగ ఇంటి గోడకు మేకు కొట్టాలంటే ఓనరు గారి అనుమతి కావాలి గానీ, అదే గోడను నేల నుంచి కిటికీ దాకా ఆక్రమించుకోవడానికి చెమ్మకు పుట్టే బూజుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొత్తగా దిగే కుటుంబాన్ని కులమేమిటి, మాంసం తింటారా, చుట్టాలు ఎక్కువగా వస్తారా అని ఆరా తీసే యజమానులు, అడ్వాన్సూ అగ్రిమెంటూ లేకుండా సపరివారంగా దిగిపోయిన బూజును ఒక్క మాట అడిగిన దాఖలా లేదు. ఇంతటి ఔదార్యానికి తగిన గుర్తింపు రావడం లేదన్నదే ఈ వ్యాసకర్త ఆవేదన.

యజమానుల వాదనలో శాస్త్రం లేకపోలేదు. "మీరు దిగినప్పుడు గోడలు తెల్లగా లేవా?" అంటారు. ముందురోజే పెయింటు వేయించారు కాబట్టి ఉన్నమాట వాస్తవమే. మీరు అన్నం వండుతారు, వేణ్ణీళ్లు కాచుకుంటారు, వానాకాలంలో బట్టలు గదిలోనే ఆరేస్తారు, పైగా రాత్రంతా ఊపిరి వదులుతారు, ఆ ఆవిరే గోడకు పట్టింది అంటారు. కొంతవరకు నిజమే. బీరువాను గోడకు అంటించి పెడితే వెనక గాలాడదు, లోపలి పట్టుచీరలకూ తెల్లమచ్చలు తప్పవు. దాన్ని జానెడు ముందుకు జరపడం, కిటికీ తెరవడం, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడం బాడుగకున్నవారి పనే. అందువల్ల కార్తీకం ముగిసేదాకా వారు వీధిలోకి వెళ్లి ఊపిరి వదిలి రావాలన్న షరతును అగ్రిమెంటులో చేర్చడం న్యాయంగానే తోస్తుంది.

చిక్కల్లా ఈశాన్య రుతుపవనాలతోనే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టినప్పుడల్లా ఊరివాళ్లు జలపాతం చూడటానికి కపిలతీర్థం వెళ్తారు; పై అంతస్తులో బాడుగకున్నవారికి ఆ శ్రమ లేకుండా స్లాబు పగుళ్లలోంచి పడకగదిలోనే దర్శనమవుతుంది. మచ్చ ఎక్కడుందో చూస్తే నేరం ఎవరిదో చాలావరకు తెలుస్తుంది. నేల నుంచి మోకాలెత్తు దాకా పాకితే అది పునాది నుంచి ఎగబాకిన చెమ్మ; సీలింగు మీద పసుపు అంచుతో పరుచుకుంటే టెర్రస్ నుంచో పైవాళ్ల బాత్రూం పైపు నుంచో దిగిన నీరు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారినప్పుడు కింది ఇళ్ల గోడలు తాగిన నీటిని కూడా ఎవరి ఊపిరితిత్తుల ఖాతాలో రాశారో తెలుసుకోవాలని ఉంది.

చట్టం మాత్రం పాతకాలపు మర్యాద పాటిస్తుంది. యజమాని చేయించి తీరాల్సిన మరమ్మతును, తెలియజేసినా తగిన గడువులో చేయించకపోతే, బాడుగకున్నవారే చేయించుకుని ఖర్చును వడ్డీతో సహా బాడుగలో మినహాయించుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతుంది; ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతేనే సుమా. ఆ వేరు రాత యజమాని తెచ్చే ముద్రిత కాగితంలో ముందే ఉంటుంది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నిర్మాణపు మరమ్మతులు, గోడల సున్నం, పైపుల మార్పు యజమానికీ, కుళాయి వాషర్లు, స్విచ్చులు, డ్రైనేజీ శుభ్రం బాడుగకున్నవారికీ పంచింది. వడ్డీతో సహా మినహాయించుకున్న ధీరుణ్ణి మాత్రం ఈ వ్యాసకర్త ఇంతవరకూ చూడలేదు. 11 నెలల అగ్రిమెంటు మళ్లీ రాస్తారో లేదోనన్న భయం సెక్షన్ల కన్నా బలమైనది.

పోరగా పోరగా ఒక పెయింటరు వస్తాడు. కారే చోటు మూయడు, బూజు గీకడు, తడి ఆరనివ్వడు. దాని మీదే డిస్టెంపరు పూసి వెళ్తాడు. కొన్ని వారాలకు పొక్కులు లేస్తాయి, గోరు తగిలితే పెచ్చు ఊడుతుంది, వెనక నల్లచుక్కలు క్షేమంగా ఉంటాయి. ఖాళీ చేసేనాడు ఆ పెయింటు ఖర్చు కింద అడ్వాన్సులో ఒక నెల బాడుగ కోత పడుతుంది.

దిగిన రోజే గోడల ఫోటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపి ఉంచుకోవడం మంచిదే. నవంబరులో కారుతోందని రాస్తే, "వానల్లో పని నిలవదు స్వామీ, తగ్గాక చూద్దాం" అని జవాబు వస్తుంది. సంక్రాంతి దాటాక గుర్తుచేస్తే, "ఇప్పుడెక్కడ కారుతోంది? చూపించండి" అంటారు.